చేయి కనిపించని తప్పుడు తూకం

సంతలో సరుకు కొనే వారందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. తక్కెడ చూడటానికి సరిగానే ఉంటుంది. ముల్లు నిటారుగా నిలుస్తుంది. తూనికరాళ్ల మీద సర్కారు ముద్ర ఉంటుంది. అయినా ఇంటికి వచ్చి తూచుకుంటే కిలోకు వంద గ్రాములు తక్కువ! పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్ద పైకి కనిపించదు కదా. కొన్నవాడు మర్నాడు వెళ్లి నిలదీశాడనుకోండి. "తూకం తగ్గితే తగ్గి ఉండవచ్చు. కాని నిన్ను మోసగించాలనే ఉద్దేశంతోనే తగ్గించానని రుజువు చెయ్యి. రుజువు చేయలేకపోతే ఈ తూకమే ఖాయం" అని వర్తకుడు జవాబిస్తే, దాన్ని ఇన్సాఫ్ అనగలమా?

కూరగాయల విషయంలో కూడా ఎవరూ ఒప్పుకోని ఈ జవాబును ఒక మనిషి ప్రాణం విషయంలో ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇచ్చింది. ఆ దేశం అమెరికా. ఆ సంవత్సరం 1987. వర్ణవివక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా కొరడా పట్టిన యజమానినో, ముసుగు వేసుకున్న కూ క్లక్స్ క్లాన్ ముఠానో ఊహించుకుంటాము. కాని కొరడా లేకుండా, ముసుగు లేకుండా, చట్టంలో జాతి పేరైనా ఎత్తకుండా అన్యాయం ఎలా నడుస్తుందో ఆ కేసు చూపిస్తుంది. అందుకే ఈ వారం దాన్ని పాఠకుల ముందు ఉంచదలిచాము.

దుకాణంలో దోపిడీ

1978 మే 13న జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాలో నలుగురు సాయుధులు ఒక ఫర్నిచర్ దుకాణాన్ని దోచుకోవడానికి వెళ్లారు. అలారం అందుకుని లోపలికి వచ్చిన ఫ్రాంక్ ష్లాట్ అనే పోలీసు అధికారి తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఆయన శ్వేతజాతీయుడు. దోపిడీదారుల్లో ఒకడైన వారెన్ మెక్లెస్కీ నల్లజాతీయుడు. కాల్పులు జరిపింది అతడేనని ప్రభుత్వ న్యాయవాది వాదించాడు. పదకొండు మంది తెల్లవారు, ఒకే ఒక్క నల్లవ్యక్తి ఉన్న జ్యూరీ అతడిని దోషిగా తేల్చి మరణశిక్ష విధించింది.

మెక్లెస్కీ అమాయకుడని మేము చెప్పబోవడం లేదు. దోపిడీకి వెళ్లినవాడు శిక్షార్హుడే. విధి నిర్వహణలో ప్రాణం కోల్పోయిన అధికారి కుటుంబం కడుపుకోత చిన్నదేమీ కాదు. ఇక్కడి ప్రశ్న వేరు. అదే నేరానికి అందరికీ అదే శిక్ష పడుతున్నదా? అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీలో 1973 నుంచి 1979 వరకు పోలీసు అధికారులను చంపిన అభియోగం ఎదుర్కొన్నవారు 17 మంది. వారిలో మరణశిక్ష పడింది మెక్లెస్కీ ఒక్కడికే. ఎందుకు?

రెండు వేల కేసుల లెక్క

ఈ 'ఎందుకు'కు జవాబు వెదికినవాడు అయోవా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన డేవిడ్ బాల్డస్. 1970లలో జార్జియాలో జరిగిన రెండు వేలకు పైగా హత్య కేసులను ఆయన, ఆయన సహచరులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. హంతకుడి జాతి ఏమిటి, హతుడి జాతి ఏమిటి, నేరం ఎంత క్రూరమైనది, పాత నేరచరిత్ర ఉన్నదా, సాక్ష్యం ఎంత బలమైనది అని రెండు వందలకు పైగా అంశాలను నమోదు చేశారు.

తేలిన లెక్క ఇది. చనిపోయినవాడు తెల్లవాడైన కేసుల్లో నూటికి 11 మందికి మరణశిక్ష పడింది. చనిపోయినవాడు నల్లవాడైన కేసుల్లో నూటికి ఒక్కరికే పడింది. నల్లవాడు తెల్లవాడిని చంపితే నూటికి 22 మందికి మరణశిక్ష. తెల్లవాడు నల్లవాడిని చంపితే నూటికి ముగ్గురికే. నేరం తీవ్రత మొదలుకొని 39 ఇతర కారణాలను లెక్కలోకి తీసుకుని సరిచూసినా తేడా పోలేదు. తెల్లవాడిని చంపిన కేసులో మరణశిక్ష పడే అవకాశం నల్లవాడిని చంపిన కేసులో కంటే 4.3 రెట్లు ఎక్కువని తేలింది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. అన్యాయం ముద్దాయికి మాత్రమే జరగలేదు, చనిపోయినవారికి కూడా జరిగింది. నల్ల కుటుంబంలో కొడుకు హత్యకు గురైతే ప్రభుత్వ న్యాయవాది అంత పట్టుదలగా మరణశిక్ష కోరడు. ఒకరి ప్రాణానికి ఒక ధర, మరొకరి ప్రాణానికి మరొక ధర! ఆ ధర ఏ చట్టపుస్తకంలోనూ రాసి లేదు. అయినా లెక్క తీస్తే కనిపిస్తున్నది.

అత్యున్నత న్యాయస్థానం ఏమన్నది?

ఈ లెక్కలతో మెక్లెస్కీ న్యాయవాదులు అమెరికా సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1987 ఏప్రిల్ 22న తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు మరో వైపు. మెజారిటీ తీర్పు రాసినవాడు న్యాయమూర్తి లూయిస్ పావెల్. ఆయన లెక్కలు తప్పని కొట్టివేయలేదు. అధ్యయనం సరైనదే అనుకుని చూసినా మెక్లెస్కీకి ఉపశమనం దొరకదన్నారు. ఎందుకంటే అతడి కేసులో, అతడి మీద, ఫలానా అధికారి లేదా ఫలానా జ్యూరీ జాతిద్వేషంతోనే నిర్ణయం తీసుకున్నారని రుజువు కావాలట! వేల కేసుల సరాసరి అలాంటి రుజువు కాదట! ఈ వాదాన్ని అంగీకరిస్తే రేపు ఇతర శిక్షల మీద, ఇతర వర్గాల నుంచి ఇలాంటి వాదాలే వస్తాయని, యావత్తు శిక్షా విధానమే ప్రశ్నార్థకమవుతుందని కూడా ఆయన ఆందోళన వ్యక్తం చేశారు.

విభేదించిన నలుగురిలో ఒకరైన న్యాయమూర్తి విలియం బ్రెన్నన్ ఈ ఆందోళనకు సూటిగా జవాబిచ్చారు. న్యాయం మరీ ఎక్కువైపోతుందేమోనన్న భయంలా ఇది ఉన్నదన్నారు. చింతపండు ఒక్క పళ్లెం కిందనే కాదు, సంతలోని ప్రతి పళ్లెం కిందా ఉండవచ్చు కాబట్టి ఏ పళ్లాన్నీ తిప్పి చూడవద్దు అన్నట్టుగా లేదూ ఈ తర్కం!

1991 సెప్టెంబరు 25న జార్జియా చెరసాలలో మెక్లెస్కీని విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టి మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి పావెల్ పదవీ విరమణ చేసి నాలుగేళ్లు. అదే సంవత్సరం, తన జీవిత చరిత్ర రాస్తున్న జాన్ జెఫ్రీస్ ఆయనను ఒక ప్రశ్న అడిగాడు. మీరు వేసిన ఓట్లలో దేన్నైనా మార్చుకోవాలనుకుంటున్నారా అని. మార్చుకుంటాను, మెక్లెస్కీ కేసులో వేసిన ఓటు అన్నాడు పావెల్. ఐదుగురిలో ఒక్కరు ఇటు వచ్చి ఉంటే తీర్పే తారుమారయ్యేది. పశ్చాత్తాపం గొప్ప గుణమే. కాని అది తీర్పును మార్చలేకపోయింది.

చేయి ఎందుకు కనిపించదు?

ద్వేషించే చేయిని చూపించమని కోర్టు అడిగింది. ఆ చేయి ఎందుకు కనిపించదో ఆలోచిద్దాము. ఒక మనిషి వీధి నుంచి చెరసాల దాకా చేరడానికి ఎన్నో మెట్లున్నాయి. ఎవరిని ఆపి సోదా చేయాలో పోలీసు నిర్ణయిస్తాడు. ఏ అభియోగం మోపాలో, ఏ శిక్ష కోరాలో ప్రభుత్వ న్యాయవాది నిర్ణయిస్తాడు. బెయిలుకు ఎంత సొమ్ము కట్టాలో న్యాయమూర్తి నిర్ణయిస్తాడు. నేరస్థుడా కాదా అన్నది జ్యూరీ నిర్ణయిస్తుంది. ప్రతి మెట్టు మీదా కాస్త మొగ్గు ఉంటే చాలు. చివరికి చేరేసరికి అది కొండంత అవుతుంది. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపలేము.

మూడు దశాబ్దాలుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న మాకు ఇది అర్థం కాని విషయం కాదు. వెనుక బల్ల మీద కూర్చున్న పిల్లవాడు గోల చేస్తే అల్లరి అంటాము. ముందు బల్ల మీది పిల్లవాడు అదే పని చేస్తే హుషారు అంటాము. అన్యాయం చేస్తున్నామన్న ఊహ కూడా మనకు రాదు. శిక్షించే చేతికి తన మొగ్గు తనకు తెలియదు.

ఇక జ్యూరీ సంగతి చూడండి. మన దేశంలో జ్యూరీ పద్ధతి ఏనాడో పోయింది. అమెరికాలో ఇప్పటికీ ఉన్నది. సామాన్య పౌరులను పిలిచి, వారిలో నుంచి పన్నెండు మందిని ఎంపిక చేస్తారు. ఎంపిక సమయంలో ఇరుపక్షాల న్యాయవాదులకు కొందరిని కారణం చెప్పకుండానే తొలగించే హక్కు ఉంటుంది. ఈ హక్కును అడ్డుపెట్టుకుని నల్లవారిని తొలగించరాదని 1986లోనే బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా ప్రశ్నిస్తే ప్రభుత్వ న్యాయవాది జాతితో సంబంధం లేని కారణం ఏదైనా చెప్పాలి. ఫలితం? కారణాలకు కొదువ లేకుండా పోయింది. ఒకరు కళ్లలోకి చూడలేదన్నారు, మరొకరి వైఖరి నచ్చలేదన్నారు.

1987లో జార్జియాలో టిమోతీ ఫోస్టర్ అనే నల్లజాతీయుడి కేసులో జ్యూరీకి అర్హులైన నల్లవారందరినీ తొలగించారు. ప్రతి ఒక్కరికీ ఒక కారణం చెప్పారు. చాలా ఏళ్ల తరువాత ప్రాసిక్యూషన్ ఫైలు బయటపడింది. జాబితాలో నల్లవారి పేర్ల మీద ఆకుపచ్చ సిరా పూసి ఉంది. పక్కన 'బ్లాక్' అనే మాటను సూచించే అక్షరం ఉంది. 2016లో సుప్రీంకోర్టు 7-1 తేడాతో ఫోస్టర్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ కాగితం దొరికింది కాబట్టి సరిపోయింది. కాగితం దొరకని కేసుల మాటేమిటి? మిసిసిపీ రాష్ట్రంలో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయుడిని ఒకే అభియోగం మీద ఆరుసార్లు విచారించారు. ఆ ఆరు విచారణల్లో తొలగించే వీలున్న 42 మంది నల్లవారిలో 41 మందిని ప్రభుత్వ న్యాయవాది తొలగించాడు! 2019లో సుప్రీంకోర్టు అతడి శిక్షను రద్దు చేసింది. 2020లో అభియోగాలనే ఉపసంహరించుకున్నారు. అప్పటికే అతడి జీవితంలో ఇరవై ఏళ్లకు పైగా చెరసాల పాలయ్యాయి.

ఐదు గ్రాములు, ఐదు వందల గ్రాములు

కొన్నిసార్లు మొగ్గు మనుషుల్లో కాదు, తూనికరాళ్లలోనే ఉంటుంది. 1986లో అమెరికా పార్లమెంటు మాదకద్రవ్యాల మీద కఠిన చట్టం చేసింది. కొకైన్ రెండు రూపాల్లో అమ్ముడవుతుంది. ఒకటి పొడి. మరొకటి ఆ పొడి నుంచే తయారయ్యే 'క్రాక్' అనే గడ్డ. పొడి కొకైన్ 500 గ్రాములు అమ్మితే కనీసం ఐదేళ్ల జైలు. క్రాక్ అయితే కేవలం 5 గ్రాములకే ఆ ఐదేళ్లు. అంటే నూరు రెట్ల తేడా! సరుకు మాత్రం ఒక్కటే.

చట్టంలో జాతి మాట ఎక్కడా లేదు. ఇంకా చెప్పాలంటే, వీధుల్లో క్రాక్ సృష్టిస్తున్న బీభత్సం చూసి ఆందోళన చెందిన నల్లజాతి ప్రతినిధులు కొందరు కూడా ఆ చట్టాన్ని బలపరిచారు. కాని ఫలితం చూడండి. క్రాక్ పేద నల్లవారి పేటల్లో అమ్ముడయ్యేది. 2006లో ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసులో శిక్ష పడినవారిలో నూటికి 80 మందికి పైగా నల్లవారే. ఈ తేడాను తొలగించాలని శిక్షల కమిషన్ 1995లోనే సిఫారసు చేసింది. పార్లమెంటు తిరస్కరించింది. 2010లో గాని నూరు రెట్లు పద్దెనిమిది రెట్లకు తగ్గలేదు. పాత ఖైదీలకు ఆ తగ్గింపు వర్తించడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. ఈ మధ్యకాలంలో ఎందరి యవ్వనం కరిగిపోయిందో!

లాస్ ఏంజెలెస్‌లో ఒక కేసు సందర్భంగా నిందితుల న్యాయవాదులు ఒక విషయం బయటపెట్టారు. 1991లో తమ కార్యాలయం పూర్తి చేసిన 24 క్రాక్ కేసుల్లోనూ నిందితులు నల్లవారే. తెల్లవారిని ఎందుకు ఈ కోర్టుకు తేవడం లేదో తెలుసుకునేందుకు ప్రభుత్వ రికార్డులు చూపించమని అడిగారు. 1996లో సుప్రీంకోర్టు కాదన్నది. ఇదే పరిస్థితిలో ఉన్న తెల్లవారిని వదిలేశారని ముందు మీరు చూపితేనే రికార్డులు తెరుస్తామన్నది. రుజువు తెస్తేనే ఖాతా పుస్తకం తెరుస్తారట. రుజువేమో ఆ ఖాతా పుస్తకంలోనే ఉంది!

'నేరాలు ఎక్కువ చేస్తే శిక్షలూ ఎక్కువే కదా?'

ఈ ప్రశ్న వేసే పాఠకులు తప్పక ఉంటారు. వేయవలసిన ప్రశ్నే. అమెరికా జనాభాలో నల్లవారు నూటికి సుమారు 13 మంది. చెరసాలల్లో మాత్రం దాదాపు మూడో వంతు. ఈ తేడా మొత్తాన్నీ న్యాయమూర్తుల ఖాతాలో వేయడం సరికాదు. పేదరికం, నిరుద్యోగం, చెడిపోయిన బడులు, తుపాకీల బెడద ఉన్న పేటల్లో కొన్ని రకాల నేరాలు నిజంగానే ఎక్కువ. దాన్ని దాచిపెట్టి వాదించడం కూడా ఇన్సాఫ్ కాదు.

అయితే నేరం ఒక్కటే అయినప్పుడు శిక్ష ఎంత అన్నదే ఇక్కడ చూడాలి. నేర తీవ్రత, పాత చరిత్ర వంటివి సరిపోల్చిన తరువాత కూడా నల్ల పురుషులకు ఫెడరల్ కోర్టుల్లో తెల్ల పురుషుల కంటే 19.1 శాతం ఎక్కువ కాలం శిక్ష పడుతున్నదని శిక్షల కమిషన్ 2017లో ప్రకటించింది. 2023 నివేదికలో ఆ తేడా 13.4 శాతం. ఇవి ఉద్యమకారుల లెక్కలు కావు, ప్రభుత్వ సంస్థ లెక్కలు.

అసలు నేరమే చేయనివారి సంగతి ఇంకా బాధాకరం. 1989 తరువాత అమెరికాలో శిక్ష పడి, ఆనక నిర్దోషులుగా తేలినవారి జాబితాను ఒక జాతీయ రిజిస్టరు నమోదు చేస్తున్నది. 2022లో విడుదలైన దాని నివేదిక ప్రకారం అప్పటికి తేలిన సుమారు 3,200 మందిలో 53 శాతం నల్లవారే. తీవ్రమైన నేరాల్లో నిర్దోషి అయిన నల్లవ్యక్తికి తప్పుగా శిక్ష పడే అవకాశం తెల్లవ్యక్తి కంటే ఏడు రెట్లు ఎక్కువ.

1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక మహిళపై ఘోరమైన దాడి, అత్యాచారం జరిగాయి. 14 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న ఐదుగురు కుర్రవాళ్లను పట్టుకొచ్చారు. నలుగురు నల్లవారు, ఒకరు లాటిన్ అమెరికా మూలాలున్నవాడు. గంటల తరబడి ప్రశ్నించి, నేరాంగీకారాలు రాబట్టారు. డీఎన్ఏ పరీక్షలో ఏ ఒక్కరిదీ సరిపోలలేదు. అయినా శిక్షలు పడ్డాయి. 2002లో అసలు నేరస్థుడు తానేనని మరొక ఖైదీ ఒప్పుకున్నాడు. అతడి డీఎన్ఏ సరిపోయింది. ఐదుగురి శిక్షలు రద్దయ్యాయి. 2014లో న్యూయార్క్ నగరం వారికి 4.1 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించడానికి ఒప్పుకున్నది. వారిలో ఒకరు యూసుఫ్ సలాం. అరెస్టయినప్పుడు పదిహేనేళ్ల ముస్లిం పిల్లవాడు. 2023లో అదే నగర కౌన్సిల్‌కు ప్రజలు ఆయనను ఎన్నుకున్నారు. తనను బోనులో నిలబెట్టిన నగరానికే ఇవాళ నియమాలు చేసే స్థానంలో కూర్చున్నారు. ఆయనది అరుదైన అదృష్టం.

పళ్లెం తిప్పి చూస్తున్నవారు

చీకటి మాత్రమే చూపి ముగించడం మాకు ఇష్టం లేదు. 1987 తీర్పు వేసిన ముడిని విప్పడానికి కొన్ని రాష్ట్రాలు పూనుకున్నాయి. నార్త్ కరొలైనా 2009లో జాతి న్యాయ చట్టం చేసింది. గణాంకాలను సాక్ష్యంగా చూపించి మరణశిక్షను యావజ్జీవంగా మార్చుకునే వీలు కల్పించింది. 2013లో ఆ చట్టాన్ని రద్దు చేశారు కాని, అప్పటికే దరఖాస్తు చేసుకున్నవారి హక్కును లాక్కోవడం కుదరదని 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి గణాంకాలనే పరిశీలించి, మరణశిక్ష జాతిని బట్టి పడుతున్నదని నిర్ధారించి, తమ రాష్ట్రంలో దాన్ని చెల్లదని ప్రకటించింది.

అన్నింటికంటే ముఖ్యమైనది కాలిఫోర్నియా 2020లో చేసిన జాతి న్యాయ చట్టం. దాని ప్రకారం ఎవరో ద్వేషంతో చేశారని రుజువు చేయనక్కరలేదు. ఒకే రకమైన నేరానికి ఒక జాతివారికి పదే పదే ఎక్కువ శిక్ష పడుతున్నదని చూపిస్తే చాలు. తగిన కారణం చూపిన నిందితుడికి ప్రభుత్వం తన రికార్డులు తెరవాలి కూడా. అంటే మెక్లెస్కీ అడిగినది, లాస్ ఏంజెలెస్ న్యాయవాదులు అడిగినది, ముప్పై ఏళ్లు గడిచాక ఒక రాష్ట్రం ఒప్పుకున్నదన్న మాట. మెక్లెస్కీ మాత్రం లేడు.

పాఠక సోదర సోదరీమణులారా! అధికారంలో ఉన్నవారి మనసు లోపల ఏమున్నదో ఎవరూ తవ్వి తీయలేరు. మనసులోది చూపిస్తేనే న్యాయం చేస్తామనడం న్యాయం చేయమని చెప్పడమే. తూకం మాత్రం అందరి కళ్ల ముందే ఉంటుంది, లెక్క పెట్టవచ్చు, సరిచేయవచ్చు. తక్కెడ పట్టినవాడు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ తరువాత చూసుకోవచ్చు. తూకం తగ్గిందని తెలిసిన మరుక్షణం చేయవలసిన పని పళ్లెం తిప్పి చూడటం. ఆ పనిని ఒక కోర్టు నిరాకరించినందుకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో పైన చూశాము. బడిలో పిల్లల్ని దండించే మాబోటి వారి నుంచి ఉన్నత ధర్మాసనం మీద కూర్చున్నవారి దాకా, ఎవరి చేతిలో తక్కెడ ఉంటే వారు అప్పుడప్పుడు తమ పళ్లేన్ని తామే తిప్పి చూసుకోవడం మంచిది.